పిల్ల మన ఊర్లనే పుడితేనే పెరటికోడి గిట్టుబాటు

పెరటికోళ్ల స్కీం అంటే మన దగ్గర ఒక్కటే అర్థం: పిల్లలు పంచుడు. వ్యాన్ వస్తది, అట్టపెట్టెలు దిగుతయి, మహిళా సంఘం అక్కలకు పేర్లు పిలిచి ఇస్తరు, ఫొటో దిగుతరు. ఇదివరకు కేంద్రం స్కీంల ఒక్కో పేద ఇంటికి విడతలవారీగా 45 పిల్లల లెక్కన ఇచ్చేటోళ్లు. పేరు మారినా పద్ధతి ఇప్పటికీ గదే. ఏడాది తిరిగేసరికి కొన్ని చస్తయి, కొన్ని పిల్లి పాలైతయి, కొన్ని కూరైతయి. మళ్ల వ్యాన్ కోసం ఎదురుచూసుడే. పిల్లలు పంచొద్దని నేను అంటలేను. కాని పిల్ల ఎక్కడ పుడుతున్నదో, ఆ పైసలు ఎవల చేతికి పోతున్నయో ఎవరూ అడుగుతలేరు. నా మాట ఒక్కటే. కోడిని పెంచుడుల లాభం తక్కువ, పిల్లను పుట్టించుడుల లాభం ఎక్కువ. ఆ రెండో పని ఊర్లకు రాకుంటే పెరటికోడి ఎన్నటికీ స్కీంగనే ఉంటది, బతుకుదెరువు కాదు.

ఇది చిన్న ముచ్చట కాదు. 2019ల చేసిన 20వ పశుగణన ప్రకారం దేశంల కోళ్లు, బాతులు అన్నీ కలిపి 85 కోట్లు. అండ్ల పెరటివి 31 కోట్ల 70 లక్షలు. 2012 లెక్కతోని చూస్తే ఫారాల కోళ్లు 4.5 శాతం పెరిగితే, పెరటికోళ్లు దాదాపు 46 శాతం పెరిగినయి. అదే లెక్కల తమిళనాడు మొదటి స్థానం, ఆంధ్రప్రదేశ్ రెండు, తెలంగాణ మూడు. అంటే జనం పెరటికోడిని విడిచిపెట్టలే, మళ్ల పట్టుకున్నరు. తినెటోళ్లు గూడ బ్రాయిలర్ కంటే ఎక్కువ పైసలు పెట్టి అడిగి మరీ కొంటున్నరు. గిరాకీ ఉన్నది, పెంచేటోళ్లున్నరు. మరి పైసలు ఎందుకు మిగుల్తలేవు?

రెండు పనుల కోడి అంటే ఏంది?

ఫారం లోకంల కోళ్లు రెండు కులాలు. ఒకటి గుడ్ల కోసం, ఒకటి కూర కోసం. గుడ్ల జాతిల పుంజుపిల్ల పుడితే ఎందుకూ పనికిరాదు. గుడ్డు పెట్టదు, కూరకు తొందరగా ఎదగదు. అందుకే పుట్టిన రోజే చంపేస్తరు. ఆ పని తప్పని చెప్పి జర్మనీ 2022 జనవరి నుంచి చట్టం చేసి బంద్ పెట్టింది. మన పెరట్ల ఆ పంచాయితీ లేదు. పెట్ట అయితే గుడ్లకు, పుంజు అయితే పండుగకు. దీన్నే రెండు పనుల కోడి అంటరు. మన నాటుకోడి పుట్టుకతోనే గట్లాంటిది. కాకపోతే ఏడాదికి 50, 60 గుడ్లు దాటవు, పుంజు ఎదగనీకె నెలలు పడ్తది.

ఈ కొరత తీర్చనీకె పనిచేసిన పెద్ద పరిశోధన కేంద్రం మన హైదరాబాద్ రాజేంద్రనగర్‌లనే ఉన్నది. కోళ్ల పరిశోధన డైరెక్టరేట్. వనరాజ, గ్రామప్రియ, శ్రీనిధి అక్కడియే. వెటర్నరీ యూనివర్సిటీ నుంచి రాజశ్రీ వచ్చింది. వనరాజ పెట్ట పెరట్ల ఏడాదికి 100, 110 గుడ్లు పెడ్తది, పుంజు కూరకు మంచిగ బరువొస్తది. గ్రామప్రియ గుడ్లకు ఇంకా ముందుంటది. రంగురంగుల ఈకలు, గోధుమరంగు గుడ్లు, చూస్తే ఊరికోడి లెక్కనే ఉంటయి. దేశం నలుమూలలకు పోయినయి ఈ పిల్లలు. దీపం కింద చీకటన్నట్టు, రాజేంద్రనగర్‌కు నూరు కిలోమీటర్ల దూరంల ఉన్న ఊర్లల్ల మాత్రం మంచి పిల్ల ఎక్కడ దొర్కుతదని మనుషులు అడుక్కుంట తిరుగుతున్నరు.

హైబ్రిడ్ విత్తనం లెక్కనే

ఇక్కడ మంది తెల్వక మోసపోయే సంగతి ఒకటున్నది. వనరాజ కోళ్లను పెంచి, వాటి గుడ్లనే పొదిగిస్తే మళ్ల వనరాజ రాదు. అది రెండు వేర్వేరు వంశాలను కలిపి తయారు చేసిన పిల్ల. తండ్రి వంశం వేరు, తల్లి వంశం వేరు. వాటిని డైరెక్టరేట్‌ల వేర్వేరుగ కాపాడుతరు. వనరాజల వనరాజను కలిపితే పుట్టే పిల్లలు ఒకటి పెద్దగ, ఒకటి చిన్నగ, ఒకటి గుడ్లు పెట్టేది, ఒకటి పెట్టనిది. పత్తి, మక్క హైబ్రిడ్ గింజలను దాచి మళ్ల విత్తితే ఏమైతదో రైతుకు చెప్పే పని లేదు. కోడి సంగతి గూడ అంతే.

ఇంకో తిరకాసు. ఎక్కువ గుడ్లు పెట్టే కోడి పొదుగుకు కూసోదు. పొదిగే గుణం, గుడ్లు పెట్టే గుణం రెండు ఒక్కదాంట్ల ఇమడయి. నాటుపెట్ట 12, 15 గుడ్లు పెట్టంగనే పొదుగుకొస్తది, 21 రోజులు కదలకుండ కూసుంటది, పిల్లలను రెక్కల కింద పెట్టుకొని తిప్పుతది. దానికి మీరు కరెంటు బిల్లు కట్టే పని లేదు. ఆ గుణాన్ని పనికిరానిదని తీసేసి, ఇప్పుడు అదే పనికి మిషన్లు కొనుక్కుంటున్నం.

ఊర్ల పిల్లలను పుట్టియ్యాల్నంటే నాకు మూడు తొవ్వలు కనిపిస్తున్నయి.

ఒకటి, తల్లిదండ్రుల కోళ్లనే తెచ్చుకునుడు. వనరాజ కాదు, వనరాజను కనే జంట. పిల్లలన్నీ ఒక్క తీరుగ వస్తయి. కాని ఏడాదిన్నరకు ఒకసారి కొత్త జంటలు తెచ్చుకోవాలె, దానికి సర్కారు చేయి కావాలె.

రెండు, నాటుపెట్టలకు మెరుగు జాతి పుంజును కట్టుడు. ఊర్ల పెట్టలు అట్లనే ఉంటయి, పుంజు ఒక్కటి మార్తది. పది పెట్టలకు ఒక పుంజు చాలు. పుట్టే పిల్లలు తల్లి కంటే బరువొస్తయి, గుడ్లు గూడ పెరుగుతయి. ఖర్చు అన్నిట్ల తక్కువ. కాని రెండో తరం, మూడో తరం అదే పుంజు తోని నడిస్తే రక్తం దగ్గరైతది, పిల్లలు పీలగైతయి. ఏడాదికోసారి పక్క ఊరితోని పుంజు మార్చుకోవాలె.

మూడు, మన అసీల్‌నో, మంచి నాటునో పట్టుకొని ఏరుకుంట పోవుడు. ఎక్కువ గుడ్లు పెట్టిన పెట్ట గుడ్లే పొదిగియ్యాలె, తొందరగ ఎదిగిన పుంజునే ఉంచుకోవాలె, మిగిలినయి కూరకు. ఇది నిదానమైన పని, అయిదారేండ్లు పడ్తది. అయితే విత్తనం మన చేతుల ఉంటది, ఎవలను అడిగే పని లేదు.

జర లెక్క చూద్దాం

మాటలు కాదు, లెక్క కావాలె. 40 పెట్టలు, 5 పుంజులు అనుకుందాం. నేను రాసే ధరలు లెక్క కోసం అనుకున్నయి. మీ ఊరి రేటు పెట్టుకొని మీరే కొట్టి చూడుండ్రి. షెడ్డు ఖర్చు, ఇంటోళ్ల కష్టం ఇండ్ల లేవు.

పెట్టకు ఏడాదికి 120 గుడ్లు, మొత్తం 4,800. బయట తిరిగి తినంగ, మనం వేసే దాన రోజుకు తలా 70 గ్రాములు అనుకుంటే ఏడాదికి 1,150 కిలోలు. కిలో 30 రూపాయల లెక్క 34,500. పాత కోళ్లను మార్చుడు, వాటి టీకాలు 10,000. అంటే తల్లికోళ్ల ఖర్చే 44,500.

గుడ్లను తినేటందుకు పది రూపాయలకు ఒకటి అమ్మితే 48,000 వస్తయి. మిగిలేది 3,500. ఏడాదంత కష్టపడి ఇంతే!

పొదిగిస్తే? చిన్నయి, పలిగినయి, మురికియి 800 తీసేసి 4,000 గుడ్లు పెట్టినం. నూటికి 70 పిల్లలైతే 2,800. ఒక్కరోజు పిల్ల 25 రూపాయలకు పోతే 70,000. మిషన్ కరెంటు, రిపేర్లు 10,000. తీసేసిన గుడ్లల్ల పనికొచ్చేటియి అమ్మినా, ఇంట్ల తిన్నా 8,000 అనుకుందాం. అన్నీ పోంగ 23,500 మిగుల్తయి.

అవే పిల్లలను నెల రోజులు సాది అమ్మితే? పిల్ల నెలకు 800 గ్రాముల దాన తింటది. కిలో 40 లెక్క 90,000 దాక అయితది. టీకాలు, బల్బులు, ఊక 25,000. నూటికి పది చచ్చినా 2,520 మిగుల్తయి, ఒక్కోటి 80 రూపాయలకు పోతే రెండు లక్షల పైన. ఖర్చులన్నీ పోంగ 40,000 దాక మిగుల్తయి.

కోళ్లు అవే, గుడ్లు అవే. ఒకదాంట్ల మూడున్నర వేలు, ఇంకోదాంట్ల నలభై వేలు. పైసలు ఎక్కడున్నయో ఇప్పుడు చెప్పుండ్రి.

కాని ఈ లెక్కనే తిరగేసి చూడుండ్రి. నెల రోజుల్ల పది బదులు ముప్పై చచ్చినయనుకోండ్రి. అమ్మేటియి 1,960కి పడిపోతయి. చచ్చినయి తినని దాన తీసేసినా చివరికి మిగిలేది 15,000. అంటే ఒక్కరోజు పిల్లగ అమ్ముకున్నదాని కంటే గూడ తక్కువ. నెలంత సాది, నిద్ర చెడగొట్టుకొని, నష్టం తెచ్చుకున్నట్టు. పొదుగుడు నూటికి 70 నుంచి 50కి పడ్డా అంతే సంగతి. ఈ ధంద లాభం మొత్తం రెండు అంకెల మీదనే నిలబడ్డది: నూటికి ఎన్ని పొదిగినయి, నూటికి ఎన్ని బతికినయి. మిగిలినయన్నీ తర్వాత.

ఎక్కడ కారిపోతున్నది?

మొదటి బొక్క గుడ్డు దాచుట్ల. వారం దాటిన గుడ్డు పొదగనీకె సరిగ్గ పనికిరాదు. మన ఎండకాలం 42 డిగ్రీల రేకుల ఇంట్ల గుడ్డు పెడితే, పొదుగు మొదలు కాకముందే లోపల పిండం కదిలి ఆగమైతది. తడి ఇసుక మీద మట్టికుండ పెట్టి అండ్ల దాచుడు మన ముసలవ్వలకు తెలిసిన పనే. అది ఇప్పటికీ అక్కరకొస్తది.

రెండోది కరెంటు. మిషన్‌ల 37.5 డిగ్రీల వేడి పట్టాలె, గుడ్లను రోజూ తిప్పుకుంట ఉండాలె, ఆఖరి మూడు రోజులు తిప్పుడు ఆపి తేమ పెంచాలె. రెండు గంటలు కరెంటు పోయి, ఇన్వర్టర్ లేకుంటే ఇరవై రోజుల కష్టం నీళ్లపాలు అయ్యే ప్రమాదం ఉంటది. అందుకే నేననేది, చిన్నగ మొదలుపెట్టేటోళ్లు నాటుపెట్టలను విడిచిపెట్టొద్దు. మెరుగు జాతి గుడ్లను నాటుపెట్ట కింద పెట్టుండ్రి. పిల్లలు కాంగనే తీసి బల్బు కింద పెడితే, ఆ పెట్ట పిల్లల ఎంబడి నెలల తరబడి తిరిగే పని తప్పుతది, తొందరగ మళ్ల గుడ్లకొస్తది. ఏడాదికి మూడు ఈతల పెట్ట ఇంకో రెండు ఈతలు ఎక్కువిస్తది. మిషన్ అక్కరలేని పెంపు ఇది.

మూడోది టీకా. పెరటికోళ్లను ఊడ్చిపెట్టేది కొక్కెర రోగం. ఒక్క వారంల ఊరు ఊరంత ఖాళీ అయితది. దానికి టీకా ఎన్నడో వచ్చింది, ధర గూడ పెద్దది కాదు. మొదటి వారంల కంట్లె చుక్క, నెలకు మళ్ల చుక్క, రెండు నెలలకు సూది. మధ్యల రెండో వారం గంబోరోకు, ఆరు వారాలకు అమ్మోరుకు. తెల్సిందే గదా, మరి ఎందుకు ఏస్తలేరు? ఎందుకంటే సీసా వందలు, వేల కోళ్ల లెక్కల వస్తది. ఒకసారి కలిపినంక గంట, రెండు గంటల్ల ఒడవగొట్టాలె. ఐసులనే తేవాలె. ఇరవై కోళ్లున్న అక్క వెయ్యి కోళ్ల సీసా కొని ఏం చేస్తది? ఇది మందు లేక వచ్చిన కష్టం కాదు, సీసా సైజుతోని వచ్చిన కష్టం. ఊరంత ఒక్కరోజు పెట్టుకొని, పశుమిత్ర వచ్చి ఇంటింటికి ఏస్తే తీరిపోయే ముచ్చట.

నాలుగోది అమ్మకం. రెండు పనుల కోడి కిలో మాంసం పెట్టనీకె బ్రాయిలర్ కంటే దాదాపు రెట్టింపు దాన తింటది. అందుకే బ్రాయిలర్ రేటుతోని పోటీకి పోతే మునుగుడే. కిలోల అమ్మొద్దు, తలా ఇంత అని పండుగకు అమ్మాలె. ఆషాఢంల బోనాలకు పుంజు చేతికి రావాల్నంటే ఫిబ్రవరి, మార్చిల పిల్ల పుట్టాలె. సంక్రాంతికైతే ఆగస్టు, సెప్టెంబర్‌ల. దసరాకు మే, జూన్‌ల పుట్టాలె, అది ఎండలు దంచే కాలం, అందుకే దసరాకు ఎప్పుడూ కోడి కరువు, రేటు పిరం. గుడ్లు ఎప్పుడొస్తే అప్పుడు పొదిగిచ్చుడు కాదు, పంచాంగం ముందల పెట్టుకొని పొదిగియ్యాలె. నాలుగైదు నెలలు దాటిన పుంజును అమ్మకుండ ఆపుకుంటే తిన్న దాన అంత ఉత్తగనే పోతది.

దీనికి తోడు అంగట్ల నాటుకోడి పేరు మీద అడ్డమైన క్రాసులన్నీ అమ్ముతున్నరు. తినెటోనికి తేడా తెల్వదు, నిజంగ పెరట్ల పెంచినోనికి రేటు రాదు. పిల్లల విషయంల అయితే ఇంకా అన్యాలం. వనరాజ అని చెప్పి ఏందో ఒకటి సైకిళ్ల మీద, బండ్ల మీద అమ్మి పోతరు. నాలుగు నెలలైనంక గాని అసలు రంగు బయటపడది, అప్పటికి ఆ బండోడు ఏ ఊర్ల ఉంటడో!

సర్కారు గీత ఎక్కడ గీసింది?

కేంద్రానికి స్కీం లేదా అంటే ఉన్నది. జాతీయ పశుసంపద మిషన్‌ను 2021ల మార్చిరాసిండ్రు. పెరటికోళ్ల పిల్లలు పుట్టించే ఫారం పెడితే ఖర్చుల సగం, 25 లక్షల దాక సబ్సిడీ. మంచిదే. కాని షరతు చూడుండ్రి: కనీసం 1,000 తల్లికోళ్లు, వారానికి 3,000 గుడ్లు పట్టే హేచరీ, పిల్లలను సాదే షెడ్డు. సబ్సిడీ పోంగ మిగిలిన సగం సొంత పైసలో, బ్యాంకు లోనో పెట్టుకోవాలె, జాగ చూపియ్యాలె. గింత తాకత్ ఉన్నోడు ఊర్ల ఎంతమంది? ఉన్నోడు ఎందుకు పెడ్తలేడని కాదు నా బాధ. పెట్టనియ్యి. 50, 100 తల్లికోళ్లు పెట్టగలిగిన అక్కకు, ఇంట్ల తమ్మునికి అండ్ల జాగ లేదు. 45 పిల్లలు తీసుకునే పేదోడు ఒక కొసకు, వెయ్యి కోళ్ల యజమాని ఇంకో కొసకు. నడుమ ఏమీ లేదు. గిట్టుబాటు అయ్యే చిన్న హేచరీ సరిగ్గ ఆ నడుమనే ఉన్నది.

పెద్ద హేచరీ ఒక్కటి ఉంటే చాలదా అని అడిగేటోళ్లుంటరు. పిల్ల ఎంత దూరం పోతే అంత చస్తది. ఇంకోటి, రోగం. 2025 ఫిబ్రవరిల పశ్చిమ గోదావరి జిల్లాల బర్డ్ ఫ్లూ బయటపడ్డప్పుడు చూసినం. రోగం తేలిన జాగ చుట్టు కిలోమీటర్ల ఉన్న కోళ్లన్నీ చంపాల్నని రూల్, పది కిలోమీటర్ల దాక నిఘా, రాకపోకల మీద కట్టడి. విత్తనం మొత్తం ఒక్క జాగల పెడితే, ఆ కిలోమీటర్ల అదే పడితే జిల్లా అంతటికి పిల్ల దొర్కది. పది ఊర్లల్ల పది చిన్నయి ఉంటే ఒకటి పోయినా తొమ్మిది నిలుస్తయి. కాని చిన్నోనికి కాయితం ఉండాలె. ఎక్కడా పేరు రాయించుకోనోడు నష్టపరిహారం లెక్కల్ల రాకుండ పోయే భయం ఉంటది.

అడుగవలసినయి

పెద్ద కోరికలేం లేవు.

50 నుంచి 200 తల్లికోళ్ల యూనిట్‌కు ఒక మెట్టు పెట్టాలె. సబ్సిడీ లక్షల్ల అక్కరలేదు, చిన్న మిషన్, ఇన్వర్టర్, పిల్లల షెడ్డుకు సరిపోతే చాలు.

పంచే పిల్లల్ల కొంత భాగం తగ్గించి, ఆ పైసలతోని తల్లిదండ్రుల జంటలు ఇయ్యాలె. మండలానికి నాలుగు సంఘాలకు ఇచ్చినా మరుసటి ఏడాది ఆ మండలానికి వ్యాన్ రావలసిన పని తగ్గుతది. సర్కారు పంచాల్సిన పిల్లలను గూడ ఆ సంఘాల దగ్గర్నే కొనాలె. మొదటి రెండేండ్లు కొనేటోడు ఖాయంగ ఉంటే చిన్న హేచరీ నిలబడ్తది.

నెలకో రోజు ఊరికి టీకాల రోజు. డబ్బా, ఐసు, పశుమిత్రకు కోడికింత అని కూలి. ఇంత మాత్రం.

పిల్లలమ్మేటోడు ఏ జాతో, ఎక్కడ పుట్టిందో, ఏ టీకాలు పడ్డయో చీటీ రాసియ్యాలె. చీటీ లేని పిల్ల కొనొద్దని సంఘాలల్ల చెప్పాలె.

ఆఖరిది, నాకు అన్నిటికంటే ముఖ్యమైంది. కోళ్ల పైసలు మన ఊర్లల్ల మొదటినుంచి ఆడోళ్లవి. పొలం పైసలకు మొగోని చేయి అడ్డమొస్తది గాని, గుడ్లమ్మిన పైసలు కొంగున కట్టుకునేది అమ్మనే. పిల్లల ఫీజు, మందుబిళ్ల, బస్సు కిరాయి అండ్లకెల్లే. కోడిపెట్టను పాలుకిచ్చి, పుట్టిన పిల్లల్ల సగం తీసుకునే పద్ధతి గూడ ఆడోళ్ల నడుమ నడిచిందే. అది ఒక రకంగ బ్యాంకు. మిషన్, లోను, షెడ్డు అనంగనే అన్ని కాయితాలు మొగోని పేరు మీదికి పోతయి. యూనిట్ పెరిగిందని మనం సంబురపడ్తం, అక్క చేతులకెల్లి ఉన్న పైసలు గూడ పోతయి. అందుకే కొత్త మెట్టు పెడితే అది ఆడోళ్ల పేరుమీదనే, వాళ్ల సంఘం ఖాతాలకే రావాలె.

నాటుకోడి రుచి గురించి మనం మస్తు మాట్లాడుతం. ఆ రుచికి రేటు గూడ కడుతున్నం. ఆ రేటుల పుట్టించినోళ్లకు ఎంత ముడుతున్నదో ఈసారి పిల్లల వ్యాన్ వచ్చినప్పుడు అడుగుండ్రి. పిల్లలెన్ని అని కాదు, ఈ పిల్లలు ఏ ఊర్ల పుట్టినయి అని.